మూలనపడ్డ ఆర్‌ఎక్స్ 100ని మళ్లీ రోడ్డెక్కించడం: సమస్యలు - పరిష్కారాలు

యమహా ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ రోడ్‌కింగ్, రాజ్‌దూత్, సుజుకీ సమురాయ్, కవాసాకీ బజాజ్ కేబీ 100. ఒకప్పుడు ఏ ఊరి సెంటర్లో నిలబడినా ఇవే కనిపించేవి, కళ్లు మూసుకున్నా శబ్దాన్ని బట్టి వచ్చేది ఏ బండో చెప్పేవాళ్లం. ఇప్పుడు రోడ్డు మీద ఒకటి పోతుంటే తల తిప్పి మరీ చూస్తున్నాం. అలాగని అన్నీ తుక్కుకి వెళ్లిపోలేదు. గొడ్ల చావిట్లో, మెట్ల కింద, పాత దుప్పటి కప్పుకుని ఇంకా చాలానే ఉన్నాయి.

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ బండ్లు వయసు మీదపడి చెడిపోయింది తక్కువ. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, లేదా తెలియనివాళ్ల చేతిలో పడి చెడిపోయిందే ఎక్కువ. కాబట్టి చాలావరకు బాగుచేసుకోవచ్చు. ఇక్కడ ప్రధానంగా ఆర్‌ఎక్స్ 100 గురించి చెబుతాను. మిగతా టూ స్ట్రోక్ బండ్లకూ (పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదలడంతోనే పని పూర్తిచేసే ఇంజిన్లవి) చాలా విషయాలు వర్తిస్తాయి, తేడా ఉన్నచోట చెబుతాను.

సమస్య: ఏళ్లుగా ఆగి ఉంది, ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కావడం లేదు

ముందు ఆ కిక్ కొట్టడం ఆపండి. చాలామంది బండి బయటికి తీయగానే చేసే పని అదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ అదే. లోపల పిస్టన్ రింగులు బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. బలంగా తొక్కితే రింగు విరుగుతుంది, బోరు గీరుకుపోతుంది. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచాడు 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ప్లగ్ లేకుండానే కిక్కుని చేత్తో మెల్లగా నొక్కండి. ఫ్రీగా కదిలితే సగం గండం గడిచినట్టే. కదలకపోతే ఇంకోసారి ఆయిల్ పోసి ఆగండి, కాలితో ఎక్కి తొక్కొద్దు.

కారణం నూటికి తొంభై వంతులు పాత పెట్రోలే. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ ఆవిరైపోయి, జిగురు కార్బ్యురేటర్‌లో పేరుకుంటుంది. ముందుగా మూసుకుపోయేది చిన్న జెట్టు, అదే పైలట్ జెట్. కార్బ్యురేటర్ మొత్తం విప్పి, క్లీనర్ స్ప్రే కొట్టి, కంప్రెసర్ గాలితో ఊదించండి. జెట్లు ఇత్తడివి. వాటిలో ఇనప తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఏ ట్యూనింగూ కుదరదు. అవసరమైతే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు వాడండి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే వెనిగర్ పోసి ఒక రోజు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఎండబెట్టండి. ట్యాంకు కడగకుండా కార్బ్యురేటర్ ఒక్కటే శుభ్రం చేస్తే వారం తిరక్కుండా మళ్లీ అదే పని.

పెట్రోల్ వస్తున్నా స్టార్ట్ కాకపోతే కరెంట్ చూడండి. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని ఇనప భాగం హెడ్‌కి ఆనించి కిక్ కొడితే నీలిరంగు మెరుపు రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే ముందు ప్లగ్ మార్చండి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు పెట్టండి. అసలు రాకపోతే ప్లగ్ క్యాప్, తాళం దగ్గరి వైర్లు చూశాకే మ్యాగ్నెట్ కాయిల్, సీడీఐ (ప్లగ్‌కి మెరుపు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) దాకా వెళ్లండి. ఎలుకలు కొరికిన ఒక్క వైరు కోసం సీడీఐ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. యెజ్డీ, పాత రాజ్‌దూత్‌లలో సీడీఐ ఉండదు, ప్లాటినం పాయింట్లు ఉంటాయి, అంటే మెరుపు కోసం కరెంటుని కలిపి తెంచే లోహపు మొనలు. కదలని బండిలో వాటి మీద సన్నటి పొర కడుతుంది. నున్నటి ఎమరీ కాగితంతో ఒకసారి రుద్ది, గ్యాప్ సరిచేస్తే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది.

సమస్య: స్టార్ట్ అయింది, కానీ ఎక్సలేటర్ వదిలినా రేజింగ్ తగ్గడం లేదు. లేదా తెల్లటి పొగ ఆగకుండా వస్తోంది

ఈ రెండూ వేర్వేరు రోగాల్లా కనిపిస్తాయి. మూలం మాత్రం ఒకటే: క్రాంక్‌కి, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకి, రెండువైపులా ఉండే ఆయిల్ సీళ్లు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడ నొక్కుడుపడి, అప్పుడు పైకి వెళుతుంది. కాబట్టి క్రాంక్ కేసు ఎక్కడా గాలి పోకుండా బిగుతుగా ఉండాలి. బండి కదలకపోతే సీళ్ల రబ్బరు గట్టిపడి బిగువు తప్పుతుంది.

మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గుతుంది, ఇంజిన్ తనంతట తాను రేజ్ అవుతుంది, వేడెక్కుతుంది, ప్లగ్ విప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి లాక్కుపోతుంది. అప్పుడే చిక్కటి తెల్ల పొగ, తడిసి నల్లబడిన ప్లగ్, తగ్గిపోతున్న గేర్ ఆయిల్. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో కాస్త నీలి పొగ రావడం టూ స్ట్రోక్‌కి సహజం, దానికి కంగారు అక్కర్లేదు. బండి వేడెక్కాక కూడా వీధంతా నిండేంత వస్తేనే రోగం.

చాలామంది మెకానిక్‌లు ఇక్కడే పొరబడతారు. రేజింగ్ అంటే కార్బ్యురేటర్ స్క్రూ తిప్పుతారు, పొగ అంటే "హాఫ్ ఇంజిన్ చేయించాలి సార్" అంటారు. బోరు చేయించి కొత్త పిస్టన్ వేసినా పొగ తగ్గదు, ఎందుకంటే పొగ వచ్చేది అక్కడి నుంచి కాదు. మ్యాగ్నెట్ వైపు సీలు మ్యాగ్నెట్ విప్పి మార్చుకోవచ్చు, ఖర్చు తక్కువ. ఇంజిన్ పూర్తిగా విప్పాల్సి వస్తే మాత్రం రెండు సీళ్లూ, క్రాంక్ బేరింగులూ, ప్యాకింగులూ ఒకేసారి మార్పించండి. సీలుకి పెట్టే డబ్బు కంటే విప్పే కూలీ ఎక్కువ.

సమస్య: వెళుతూ వెళుతూ ఇంజిన్ ఒక్కసారిగా పట్టేసింది

పిస్టన్ జామ్. వెంటనే క్లచ్ పట్టుకోవాలి, లేకపోతే వెనక చక్రం కూడా బిగుసుకుని పడేస్తుంది. పక్కకి ఆపి, పూర్తిగా చల్లారేదాకా కిక్ ముట్టుకోవద్దు. చల్లారాక తిరిగినా సరే, ఒకసారి హెడ్, సిలిండర్ విప్పి పిస్టన్ మీద గీతలు చూసుకోవాల్సిందే.

ఆర్‌ఎక్స్ 100లో కారణం చాలాసార్లు మనుషుల మధ్య సమాచార లోపం. కంపెనీ ఈ బండికి ఆటోలూబ్ ఇచ్చింది, అంటే 2టి ఆయిల్‌కి వేరే ట్యాంకు, దాన్ని ఇంజిన్‌లోకి పంపే చిన్న పంపు. యెజ్డీ, రాజ్‌దూత్‌లలో అది లేదు, పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. ఏళ్లు గడిచేకొద్దీ చాలా ఆర్‌ఎక్స్ బండ్లకు పంపు తీసేసి, పెట్రోల్‌లో కలిపే పద్ధతికి మార్చేశారు. పక్కన ఆయిల్ ట్యాంకు మాత్రం అలాగే ఉంటుంది. కొత్తగా కొన్నవాడు అందులో ఆయిల్ పోసి, అది ఇంజిన్‌కి వెళుతోందనుకుని ఉత్త పెట్రోల్ పోయిస్తాడు. కొద్ది దూరంలోనే ఇంజిన్ పోతుంది.

కాబట్టి బండి చేతికి రాగానే పంపు ఉందా, దాని కేబుల్, పైపు తగిలించి ఉన్నాయా చూడండి. అనుమానం ఉంటే లీటరు పెట్రోల్‌కి 30 నుంచి 40 మిల్లీలీటర్ల మంచి 2టి ఆయిల్ కలపండి. మన బంకుల్లో ఒకప్పుడు పెట్రోల్ పంపు పక్కనే నిలబడి ఉండే 2టి ఆయిల్ మిషన్లు ఇప్పుడు అరుదు, కాబట్టి డిక్కీలో సీసా, కొలత గ్లాసు పెట్టుకోవాలి. కారు ఇంజిన్ ఆయిల్ కలపొద్దు.

ఘాట్ రోడ్డు దిగేవాళ్లకు ఒక మాట. పెట్రోల్‌తో పాటే ఆయిల్ వెళ్లే బండిలో ఎక్సలేటర్ పూర్తిగా మూసి, గేర్‌లో మైళ్ల కొద్దీ దిగితే ఇంజిన్ వేగంగా తిరుగుతుంది, ఆయిల్ మాత్రం అందదు. అరకు నుంచి దిగినా, ఇంకే ఘాట్ దిగినా మధ్యమధ్యలో క్లచ్ పట్టి కాస్త ఎక్సలేటర్ ఇస్తూ ఉండండి. పాతకాలం వాళ్లు ఇది అలవాటుగా చేసేవాళ్లు, ఎందుకో అడిగితే చెప్పేవాళ్లు కాదు.

ఇంకో కొత్త చిక్కు ఇథనాల్. ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో అది 20 శాతం దాకా ఉంటోంది. తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు భాగాలకు మంచిది కాదు. రెండు మూడు వారాలు బండి తీయమనుకుంటే ట్యాప్ కట్టేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ తిరగనివ్వండి. పెట్రోల్ పైపు, ఫ్లోట్ సూది కొత్తవి వేయించుకోండి.

సమస్య: పికప్ లేదు, "ఇదేనా ఆ ఆర్‌ఎక్స్?" అనిపిస్తోంది

98 సీసీ, 11 హార్స్‌పవర్, వంద కిలోల పైచిలుకు బరువు. కాగితం మీద పెద్దగా అనిపించదు. ఆ రోజుల్లో 350 సీసీ బుల్లెట్‌ని సిగ్నల్ దగ్గర వెనక్కి నెట్టిన బండి ఇదే. ఇప్పుడు అలా లాగడం లేదంటే ముందు సైలెన్సర్ చూడండి. ఏళ్ల ఆయిల్ మసి బఫిల్‌లో (సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే గొట్టం) పేరుకుని పొగ బయటికి పోనివ్వదు. బఫిల్ బయటికి తీసి కాల్చి, బ్రష్‌తో గీకించాలి. పనిలో పనిగా హెడ్, సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టు కార్బన్ కూడా తీయించండి. తర్వాత రీడ్ వాల్వ్ (మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి ఒకవైపే వదిలేది) రేకులు పగిలాయేమో, ఎయిర్ ఫిల్టర్ స్పాంజి పొడిపొడి అయిందేమో చూడాలి.

కొందరు బఫిల్ తీసి పారేసి తిరుగుతారు. శబ్దం పెరుగుతుంది, కింది వేగంలో లాగే బలం తగ్గుతుంది, పోలీసు చలానా అదనం. ఆర్‌ఎక్స్ అసలు శబ్దం అది కాదు.

సమస్య: హెడ్‌లైట్ గుడ్డి దీపంలా ఉంది

ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు వెలుగు తగ్గడం ఈ బండ్ల స్వభావం. మరీ తక్కువైతే ఎర్త్ వైర్లు బిగించి, కనెక్షన్లలో తుప్పు తీయండి. యెజ్డీ, రాజ్‌దూత్ పాత మోడళ్లు 6 వోల్టులవి, వాటికి ఆ బల్బే వేయాలి.

సమస్య: సామాను దొరుకుతోంది, కానీ నిలవడం లేదు

మార్కెట్లో ఉన్నవాటిలో చాలావరకు డూప్లికేట్. అందుకే బండిలోంచి తీసిన ఒరిజినల్ భాగం ఏదీ షాపులో వదిలేయొద్దు. అరిగిందైనా సరే, లేత్ పని తెలిసినవాడు బాగుచేయగలడు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. బోరు చేయించేటప్పుడు ఒకేసారి పెద్ద సైజుకి వెళ్లకుండా 0.25, 0.50 మిల్లీమీటర్లు చొప్పున వెళ్లండి, సిలిండర్‌కి ఆయుష్షు మిగులుతుంది. తళతళలాడే రంగు, కొత్త స్టిక్కర్లు చివర్లో చూసుకోవచ్చు. ముందు బ్రేక్ షూలు, టైర్లు.

సమస్య: బండి నడుస్తోంది, ఆర్‌సీ చచ్చిపోయింది

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత రెన్యువల్ ఐదేళ్ల చొప్పున. ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని చూపించి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టాలి. 2025 ఆగస్టులో కేంద్రం పెంచిన లెక్క ప్రకారం 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కి రెన్యువల్ ఫీజు 2,000 రూపాయలు. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరే. బండి చనిపోయిన నాన్న పేరు మీదో తాత పేరు మీదో ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకి మార్చుకోవాలి.

వింటేజ్ రిజిస్ట్రేషన్, అంటే బాగా పాత బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు గురించి చాలామంది అడుగుతారు. 2021లో వచ్చిన ఆ నిబంధన 50 ఏళ్లు దాటినవాటికే. 1960లలో మైసూరులో తయారైన జావాకి కుదురుతుంది. మొదటి ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో, కాబట్టి 2035 దాకా ఆగాలి. పైగా వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ తిరగడానికి వాడకూడదు. నడపాలనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే మేలు.

సమస్య: ఇంట్లో బండి లేదు, కానీ ఒకటి కొనాలని మనసు లాగుతోంది

ఈ లక్షణం నలభై దాటినవాళ్లలో ఎక్కువ. కొత్తగా మాత్రం ఈ బండి దొరకదు, కారణం తెలిసిందే. పొగ నిబంధనలు బిగిశాయి, టూ స్ట్రోక్ ఇంజిన్ కొంత పెట్రోల్‌ని కాల్చకుండానే సైలెన్సర్‌లోంచి వదిలేస్తుంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది, మైసూరు యెజ్డీ ఫ్యాక్టరీ కూడా అదే ఏడాది మూతపడింది. నేరం మొత్తం ప్రభుత్వానిది అనడం మాత్రం న్యాయం కాదు. మైలేజీ కోసం హీరో హోండా సీడీ 100కి, 1994లో వచ్చిన స్ప్లెండర్‌కి ఎగబడింది మనమే. ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన ధరకి ఆర్‌ఎక్స్‌ని ఇచ్చేసిందీ మనమే. ఇప్పుడు అదే బండికి కొత్త బండి ధర కంటే ఎక్కువ అడుగుతున్నారు.

కొనాలనే తీర్మానించుకుంటే రంగు చూసి మోసపోవద్దు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కళ్లతో చదివి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. నంబరు చుట్టూ గ్రైండింగ్ చేసిన గుర్తు, కొత్తగా కొట్టిన అచ్చులు, అక్కడ మాత్రమే మందంగా పడ్డ రంగు కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. ఆర్‌ఎక్స్ 135కి ఆర్‌ఎక్స్ 100 స్టిక్కర్లు వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, మీ చేతులమీద మొదటి కిక్ కొట్టండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే, చల్లారేదాకా టీ తాగి రండి. అమ్మేవాడు ఎంత తొందరపెట్టినా సరే.