గ్రూప్ చెదిరిపోతోందా? సైట్ తిప్పే ముందు ఇవి చూడండి

హనుమకొండలో ఎండలు ముదిరాయంటే నాకు ఫోన్లు పెరుగుతాయి. "అన్నా, మొన్నటిదాకా పదులు పడ్డాయి, ఇప్పుడు తొమ్మిది దాటట్లేదు. గన్ పాడైందేమో ఒకసారి చూడవా?" అన్నీ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన ఈవెంట్ అంటే పిల్లల నాన్నలకు కూడా వెంటనే అర్థమవుతుంది. నాకు ఫోన్ చేసేలోపే చాలామంది రెండు పనులు చేసేసి ఉంటారు: సైట్ (గురి చూసే భాగం) తిప్పేస్తారు, బ్యారెల్ (గొట్టం) తుడిచేస్తారు. దాంతో అసలు లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది.

ముందు తప్పు గన్‌దా, మనదా తేల్చాలి. షూటింగ్ జాకెట్ విప్పి పక్కన పెట్టి, బల్ల మీద ఇసుక సంచి వేసి, రైఫిల్‌ను దాని మీద ఆనించి ఒక్కో కాగితానికి ఐదు చొప్పున నాలుగు కాగితాలు కాల్చండి. పెల్లెట్ (సీసం గుండు) మందమే 4.5 మి.మీ. ఐదూ కలిసి చేసిన రంధ్రం ఒక అంచు నుంచి ఇంకో అంచుకి 6 మి.మీ. లోపే ఉంటే గన్ బాగానే ఉంది, మీ పొజిషన్ (నిలబడే తీరు) చూసుకోవాలి. దాటితే కింద చదవండి. గ్రూప్, అంటే ఆ ఐదు రంధ్రాల గుంపు, ఏ ఆకారంలో ఉందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

గ్రూప్ చిన్నదే, మొత్తంగా పక్కకు జరిగింది

సైట్ తిప్పాల్సిన సందర్భం ఇదొక్కటే. అదీ ఐదు రౌండ్ల తర్వాతే, ఒక్కటి చూసి కాదు. దానికన్నా ముందు సైట్ బిగించే స్క్రూ వదులైందేమో, టార్గెట్ మీద పడే లైట్ మారిందేమో చూడండి. రెండు ట్యూబ్‌లైట్లలో ఒకటి ఆరిపోయినా కంటికి నల్ల చుక్క ఒక పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. చెంప ఆనే చోటు మారినా అంతే.

నిలువుగా సాగింది

ఇసుక సంచి మీద కూడా నిలువుగానే సాగితే అనుమానం వేగం మీదికి పోవాలి. పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. అది 5 మీటర్లు తగ్గితే కాగితం మీద దాదాపు ఒక మిల్లీమీటరు కిందికి పడుతుంది. దశాంశ స్కోరింగ్‌లో (పాయింటులో పదో వంతు దాకా లెక్కించే పద్ధతిలో) 0.25 మి.మీ.కి 0.1 పోతుంది కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు 0.4 తినేస్తుంది. 10.4 కాస్తా 10.0 అయి కూర్చుంటుంది.

కారణం ఎక్కువగా గన్‌కు గాలి ఇచ్చే సిలిండరే. సిలిండర్ 200 బార్ల ఒత్తిడికి నింపుతాం. లోపలి రెగ్యులేటర్ దాన్ని స్థిరమైన తక్కువ ఒత్తిడికి దించి వదులుతుంది. సిలిండర్‌లో గాలి ఆ ఒత్తిడి కన్నా కిందికి పడిపోతే ఇక వేగం నిలవదు. నిండు సిలిండర్‌తో మొదలుపెట్టి పది రౌండ్లకోసారి గేజ్ చదివి నోట్‌బుక్‌లో రాయండి. రౌండ్లు ఎక్కడి నుంచి కిందికి జారుతున్నాయో ఆ అంకె మీ గన్‌కు గీత. ఆ గీత రాకముందే నింపుకోవాలి. గేజ్ నిండుగా ఉన్నా పైకీ కిందికీ పడుతుంటే అది రెగ్యులేటర్ పని, మెకానిక్‌కు ఇవ్వండి. ఇంట్లో విప్పొద్దు. సిలిండర్ మీద తేదీ చెక్కి ఉంటుంది, గడువు దాటినదాన్ని నింపడం ప్రాణాలతో ఆట.

సంచి మీద బాగుండి నిలబడినప్పుడే సాగితే అది ఊపిరి సంగతి. గన్‌ను వదిలేయండి.

అడ్డంగా సాగింది

ఇది నా సొంత అనుభవం. ఒక మే నెలలో వారం పాటు మధ్యాహ్నం రౌండ్లు కుడికి సాగుతూ పోయాయి, పొద్దున మాత్రం బాగుండేవి. ట్రిగ్గర్ సరిచేశాను, పాదాలు మార్చాను, ఒక రోజు అద్దాల నంబర్ మీద కూడా అనుమానం వచ్చింది. ఎనిమిదో రోజు కరెంట్ పోయింది. కూలర్ ఆగింది. రౌండ్లు తిరిగి నడిమికి వచ్చాయి! ఎడమ గోడకు పెట్టిన కూలర్ గాలి లేన్‌కు అడ్డంగా కొడుతోందన్నమాట. అర గ్రాము పెల్లెట్‌కు ఆ మాత్రం గాలి చాలు, మిల్లీమీటరో రెండో పక్కకు నెట్టేస్తుంది. కూలర్‌ను షూటర్ వెనక్కి మార్చాం, అయిపోయింది. మీ దగ్గర ఏ కూలరూ ఫ్యానూ లేకపోతే అప్పుడు ట్రిగ్గర్ వేలు, పాదాల దిశ చూడండి.

నాలుగు బాగుండి ఐదోది ఎక్కడో పడింది

పెల్లెట్. డబ్బాను బైక్ సైడ్ బ్యాగ్‌లో వేసుకుని కాజీపేట నుంచి గుంతల్లో ఎగురుకుంటూ వస్తే మెత్తటి సీసం అంచులు నొక్కుకుపోతాయి. గాజు పలక మీద కొన్ని పెల్లెట్లు పోసి, ఒక్కోదాన్ని వేలితో మెల్లగా దొర్లించండి. మంచిది సాఫీగా వంపు తిరుగుతూ పోతుంది. వెనక అంచు నొక్కుకున్నది టకటకమని కుంటుతూ పోతుంది. కుంటేవన్నీ పక్కన పెట్టేయండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అదే చేత్తో మిర్చి బజ్జీ తినే పిల్లల్ని చూసి చెబుతున్నాను.

అన్ని వైపులా సమానంగా పెద్దదైంది

ఇక్కడ వరస ముఖ్యం. ముందు స్క్రూలు. స్టాక్‌కు (భుజానికి ఆనించే భాగానికి) బిగించినవి అలెన్ కీతో చూడండి. బలం పెట్టొద్దు, మాన్యువల్‌లో ఎంత ఉందో అంతే. తర్వాత పెల్లెట్ల డబ్బా అడుగున లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పే అంకె). అదే బ్రాండ్, అదే సైజు అయినా లాట్ మారితే కొన్ని బ్యారెళ్లు ఒప్పుకోవు. పాత డబ్బాలో ఓ ఇరవై మిగిలి ఉంటే పక్కపక్కన కాల్చి పోల్చండి.

ఈ రెండూ కాదని తేలాకే బ్యారెల్ తుడవాలి. గన్‌లో పెల్లెట్ లేదని చూసుకుని, ఫెల్ట్ ముక్కలను వెనక నుంచి మూతి వైపుకే పంపండి. ఇనుప బ్రష్ మాట ఎత్తొద్దు. తుడవగానే మొదటి పదీ ఇరవై రౌండ్లు అటూ ఇటూ పడతాయి, వాటిని చూసి టెన్షన్ పడి మళ్లీ తుడిచేవాళ్లున్నారు. ఎన్ని రౌండ్లకోసారి అని నన్నడిగితే, అంకె చెప్పను. తుడిచిన తేదీ, అప్పటి నుంచి కాల్చిన డబ్బాల లెక్క కేసు లోపలి మూతకు అంటించిన కాగితం మీద రాస్తూ పోండి. సంచి మీద గ్రూప్ మళ్లీ 6 మి.మీ. దాటిన రోజు ఆ కాగితమే చెబుతుంది.