బెంగళూరుకు కొత్తగా వచ్చిన నాస్తికులకు: పండగల సంగతి

వరమహాలక్ష్మి పండగకు ముందు రోజు సాయంత్రం మా ఎదురింటి ఆంటీ కుంకుమ భరిణె పట్టుకుని తలుపు కొట్టారు. మేం బెంగళూరు వచ్చి అప్పటికి రెండు నెలలు. "రేపు సాయంత్రం అరిశిన కుంకుమకు రావాలమ్మా" అన్నారు. అంటే మన పసుపు కుంకుమే. నేను చాలా మర్యాదగా, "మాకు పండగలు లేవండీ" అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. "అయ్యో" అని భరిణె మూత పెట్టేసి వెనక్కి వెళ్ళిపోయారు. మర్నాడు వాచ్‌మన్ నన్ను లిఫ్ట్ దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఎవరైనా పోయారా మేడం?" అని అడిగాడు.

నేను చెప్పింది నాస్తికత్వం, ఆవిడకు వినపడింది మైల. పెళ్ళయిన ఆడది కుంకుమ వద్దంటే మన ఊళ్ళోనైనా ముందు వచ్చే అనుమానం అదే. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకు నా మొదటి సలహా: గుమ్మంలో నిలబడి సిద్ధాంతం చెప్పకండి. వెళ్ళాలని ఉంటే వెళ్ళండి. లేదంటే "ఆఫీసు ఉందండీ" అనండి చాలు.

ఇలా రాస్తున్నానని నేనేదో మారిపోయాననుకోవద్దు. మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి. మా ఇంట్లో పూజగది లేదు, నా పెళ్ళి దండలతో అయింది. కానీ సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర మా అమ్మ పక్కన కూర్చుని, పిండి ముద్దలు చిదిమి, వేగిన అరిసెల్లోంచి నూనె వొత్తింది కూడా ఆ నాన్నే. భోగి మంటలో పాత కుర్చీ వేసేటప్పుడు ఆయన మొహంలో కనిపించే సంతోషం మే డే నాడు కూడా చూడలేదు. దేవుణ్ణి వదిలేశారు గానీ పండగను వదల్లేదు. మన కోస్తా జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు బోలెడు. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 28.7 లక్షలు. లెక్కల్లో ఒక మతం రాయించుకుని ఏ గుడికీ వెళ్ళనివాళ్ళు ఎంతమందో వాళ్ళకే తెలియాలి.

ఇది మన ఒక్కళ్ళ వింత కూడా కాదు. 2013లో అమెరికాలో సర్వేలు చేసే ప్యూ సంస్థ అడిగితే, క్రైస్తవులు కానివాళ్ళలోనే 81 శాతం మంది క్రిస్మస్ చేసుకుంటామన్నారు. జపాన్‌లో మాకు మతమే లేదనేవాళ్ళు కూడా జనవరి మొదటి రోజుల్లో గుళ్ళ ముందు బారులు తీరతారు. ఏడాదికోసారి అందరూ ఒకేసారి పని ఆపి, ఒకేలాంటి వంట వండుకుని, ఒకళ్ళ ఇంటికి ఒకళ్ళు వెళ్ళే రోజు పండగ తప్ప ఇంకేముంది చెప్పండి. టీమ్ లంచ్ దానికి సాటి రాదు.

మరి ఎక్కడ ఆగాలి? నాకు నెహ్రూ వీలునామా నచ్చుతుంది. 1954లో రాశారు. తను పోయాక మతపరమైన తంతులు వద్దని, నమ్మకం లేకుండా మొక్కుబడిగా చేయించుకోవడం కపటమే అవుతుందని అందులో ఉంది. అదే కాగితంలో, తన చితాభస్మం గుప్పెడు గంగలో కలపమని కూడా ఉంది. దానికి మతంతో సంబంధం లేదని, చిన్నప్పటి నుంచి ఆ నదితో ఉన్న అనుబంధమని చెప్పుకున్నారు. నేను ఈ ఊళ్ళో ఇంచుమించు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాను. తిండి, పువ్వులు, ముగ్గు, పిలుపు: వీటికి ఎప్పుడైనా సరే. నా పేరు, గోత్రం చెప్పి సంకల్పం చేయిస్తామంటే మాత్రం వద్దు. హారతి పళ్ళెం వస్తే తల కొంచెం వంచి పక్కవాళ్ళ వైపు చూపిస్తాను. ఎనిమిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. మీ గీత ఇంకో చోట ఉండొచ్చు, అది మీ ఇష్టం.

ఆఫీసులో మీకు ముందు తగిలేది ఆయుధపూజ. ఇక్కడ దసరా అంటే చాలామందికి అదే. సెలవుకు ముందు రోజు మధ్యాహ్నం నుంచే పని సాగదు. కంప్యూటర్లకు గంధం బొట్లు, సర్వర్ రూమ్ తలుపుకు మామిడాకులు, బస్సులకు అరటి పిలకలు, ఆటోలకు చామంతి దండలు. నా మొదటి ఏడాది బొట్టు తప్పించుకోవడానికి లాప్‌టాప్ డ్రాయర్‌లో పెట్టేశాను. మా ఫ్లోర్ హౌస్‌కీపింగ్ అక్కది మడకశిర వైపు. ఏడాదంతా మా బల్లల కింద వంగి ఉండే మనిషి, ఆ రోజు కొత్త చీర కట్టుకుని, నేల తుడిచే మిషన్‌ను శుభ్రంగా కడిగి, హ్యాండిల్‌కు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మూర చామంతులు చుట్టింది. మేనేజర్‌తో సహా అందరూ ఆ మిషన్ చుట్టూ నిలబడ్డారు. తర్వాత పళ్ళెం పట్టుకుని ఒక్కొక్క బల్లకూ వస్తూ నా దగ్గర ఆగి, "నీ మిషన్ ఏదమ్మా?" అంది.

డ్రాయర్ తీశాను. ఆవిడ కీబోర్డు జోలికి పోకుండా మూత మీద ఓ మూలన చిన్న బొట్టు పెట్టింది. ఆ మరక తుడిచినా పూర్తిగా పోలేదు. చివర్లో అందరికీ కడ్లెపురి పొట్లాలు పంచారు. అవే మన బొరుగులు, మరమరాలు.

ఆ సాయంత్రం రోడ్డు మీద మాత్రం జాగ్రత్త. షాపుల ముందు, బళ్ళ ముందు బూడిద గుమ్మడికాయలు కుంకుమ నింపి పగలగొడతారు. ఆ గుజ్జు మీద స్కూటీతో సహా జారి నేను వారం రోజులు కుంటుకుంటూ తిరిగాను. నమ్మకం ఉన్నా లేకపోయినా టైరు ఒకేలా జారుతుంది. మెల్లగా పోనివ్వండి.

అపార్ట్‌మెంట్‌లో వినాయకుడి చందా దగ్గర టెన్షన్ పడేవాళ్ళను చూశాను. నేను "భోజనాల ఖర్చుకు రాసుకోండి" అని ఇస్తాను. మూడు రోజులూ వడ్డనకు నిలబడతాను, మా బ్లాకులో సగం పేర్లు నాకు తెలిసింది అక్కడే. పేరంటాల విషయంలో మాత్రం నాకొక గొడవ ఉంది. భర్త పోయిన ఆవిడకు కుంకుమ, తాంబూలం దగ్గర పళ్ళెం పక్కకు తిరిగిపోతుంది. మా అంతస్తులోనే ఒకసారి అలా జరిగింది. ఆవిడ టీవీ వైపు చూస్తూ కూర్చున్నారు. నా తాంబూలం తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు గానీ గది కాసేపు బిగుసుకుపోయింది. పండగకు వెళ్ళడం వేరు, ఇది చూస్తూ ఊరుకోవడం వేరు.

ఊరు చూడాలంటే కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషెకు, అంటే వేరుశనక్కాయల జాతరకు వెళ్ళండి. బుల్ టెంపుల్ రోడ్డంతా వేరుశనక్కాయల రాశులే. గుళ్ళోని నంది బసవన్నకు దణ్ణం పెట్టారా అని అక్కడ ఎవరూ అడగరు, సేరెంత అనే అడుగుతారు. అదే పేటలోని నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలో దశాబ్దాల పాటు ఉన్న మనిషి హెచ్. నరసింహయ్య గారు. బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా 1976లో మహిమలను పరీక్షించడానికి ఏకంగా కమిటీ వేశారు. ప్రశ్న అడిగేవాళ్ళు ఈ ఊరికి కొత్త కాదు. చైత్ర పౌర్ణమి రాత్రి, పూల కలశం తల మీద మోసుకెళ్ళే కరగ ఊరేగింపు ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరి కాటన్‌పేటలో మస్తాన్ సాబ్ దర్గాకు కూడా వెళ్తుంది. నిద్ర మానుకునైనా ఒకసారి చూడండి.

సంక్రాంతి ఇక్కడ మూడు రోజులు కాదు, ఒక్కరోజే. భోగికీ కనుమకూ సెలవు పెట్టుకోవాల్సిందే. పిల్లలు నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ పప్పు కలిపిన పొట్లం తెస్తారు. "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి" అంటారు, అంటే నువ్వులు బెల్లం తిని మంచి మాటలు మాట్లాడమని. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకండి, ఓ చెరుకు ముక్కో అరిసో వేసి పంపండి. ఆ ఎదురింటి ఆంటీకి నేను మొదట పంపింది అరిసెలే. మైల కాదని అప్పుడు నమ్మారు.

ఉగాదికి ఆరు రుచుల పచ్చడి వెతక్కండి, ఇక్కడ వేపా బెల్లమే. మర్నాడు మాత్రం హొసతొడకు. మన కనుమలాగే, ఇంటింటా మాంసం. మటన్ షాపుల ముందు తెల్లవారకముందే క్యూ మొదలవుతుంది. ఆరింటికల్లా సంచీ పట్టుకుని వెళ్ళకపోతే మీకు మిగిలేది ఎముకలే.