పాత అంబాసిడర్ ఏ మోడలో తేల్చే పట్టిక: పదిమంది కలిసి తయారు చేసుకోవడం ఎలా

పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు చేరితే ముందు వచ్చే తగాదా మోడల్ గురించే. మార్క్ 2నా, మార్క్ 3నా? గ్రిల్ కంపెనీదా, తర్వాత పెట్టించిందా? ఈ తగాదా తేల్చుకోవాల్సిందేనని నా పట్టుదల. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులేవీ జరగని బండికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్టర్ చేయించుకోవడానికి ఫీజు 20,000 రూపాయలు. 1970ల మొదట్లో వచ్చిన అంబాసిడర్లు ఆ గీత దాటేశాయి. మరి అసలు రూపం అంటే ఏది? పశ్చిమ బెంగాల్‌లో అంబాసిడర్లు తయారైన ఉత్తరపాడా ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. చేత్తో విప్పి బిగించినవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని చేసుకోవాలి.

మా నాన్నగారిది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు. నేను ఆ కౌంటర్ దగ్గరే పెరిగాను. ఎవరైనా మెకానిక్ వచ్చి “అంబాసిడర్ లైటు రింగు ఇవ్వండి” అంటే నాన్న మోడల్ అడిగేవారు కాదు, “పాత ముక్క తెచ్చావా?” అనేవారు. పట్టిక కూడా ఆ ప్రశ్న మీదే నిలబడాలి. బండి పేరేమిటో, కాగితంలో ఏముందో తర్వాత చూద్దాం. ముందు బండి మీద ఏముందో చూడాలి.

మొదలుపెట్టేటప్పుడు ఒక్క కుటుంబమే తీసుకోండి. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, జీపు అన్నీ ఒకే షీట్‌లో వేస్తే నెల తిరిగేలోపు ఎవరూ దాని జోలికి రారు. అంబాసిడర్ అయితే వరసలు దాదాపు ఇలా పడతాయి: ముందు ల్యాండ్‌మాస్టర్, అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు సిరీస్ 2 బాడీ. తర్వాత సిరీస్ 3 బాడీతో వచ్చిన తొలి అంబాసిడర్. 1963 నుంచి మార్క్ 2, 1975 నుంచి మార్క్ 3, 1979 నుంచి మార్క్ 4. 1990లో నోవా, 2003లో గ్రాండ్, 2004లో అవిగో, 2013లో ఎన్‌కోర్. ల్యాండ్‌మాస్టర్ అంబాసిడర్ కాదు కదా అని కొందరు తీసేయమంటారు. తీసేయకండి. వెనక మడ్‌గార్డుల మీద చిన్న రెక్కలు లేని బండిని చూస్తేనే, ఉన్న బండి ఎందుకు వేరో కొత్తవాళ్లకి కంటికి ఆనుతుంది.

ఇంజన్లకి మాత్రం వేరే పట్టిక పెట్టండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. మొదటి అంబాసిడర్లలో సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండరు పక్కన ఉండే) ఇంజను ఉండేది. 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ (వాల్వులు సిలిండరు పైన ఉండే) ఇంజను వచ్చింది. 1980లో డీజిల్, 1990లలో జపాన్ కంపెనీ ఇసుజుది 1817 సీసీ ఇంజను. ఇవి కంపెనీ నుంచి వచ్చినప్పటి లెక్కలు. రోడ్డు మీద లెక్క వేరు. పెట్రోలు ఇంజను దింపేసి డీజిల్ వేయించిన టాక్సీలు కొల్లలు. బాడీ, ఇంజను ఒకే వరసలో రాస్తే అలాంటి బండి ఎక్కడా ఇమడదు.

సంవత్సరం దగ్గర ‘మొదలైనది’ అన్న గడి చాలు. ‘ఆగిపోయినది’ అని పెడితే, మిగిలిపోయిన పాత సామానుతో బయటికొచ్చిన బండ్ల గురించి అనవసరపు యుద్ధాలు. ఆర్సీలో ముందు కంటికి కనిపించేది రిజిస్ట్రేషన్ తేదీ. దాన్ని తయారీ తేదీ అనుకోకండి. నంబరు ప్లేటు కూడా అంతే. 1989కి ముందువి ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల సిరీస్‌లు, తర్వాత కృష్ణా జిల్లాకి ఏపీ 16, 2019లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒకటే ఏపీ 39 మొదలైంది. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి తిరిగి రిజిస్టర్ చేయించిన 1960ల బండికి కొత్త నంబరే ఉంటుంది.

ఇక నిలువు గడులు. అసలు పనంతా ఇక్కడే. అందరూ గ్రిల్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే కనిపించేది అదే. నాలుగు స్క్రూలు విప్పితే ఊడొచ్చే వస్తువుతో మోడల్ తేల్చలేం. మార్చడం ఎంత కష్టమో ఆ క్రమంలో గడులు వేయండి. ముందు రేకు: వెనక రెక్కలు, బానెట్ మీద గీతలు, ముందు మడ్‌గార్డులు. తర్వాత డాష్‌బోర్డు, మీటర్ల చోటు (అవిగోలో మీటర్లు మధ్యకి వచ్చాయి, అది చూడగానే దొరికిపోతుంది). తర్వాత గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉందా, కింద ఉందా. ఆ తర్వాతే లైట్లు, గ్రిల్. చిట్టచివర బంపరు, బ్యాడ్జి, వీల్ క్యాపులు. రెండు గడులు గొడవ పడితే ఎడమవైపు గడిదే గెలుపు అని మొదటి రోజే ఒప్పందం చేసుకోండి.

దీని విలువ మూతి మార్చిన బండి దగ్గర తెలుస్తుంది. మార్క్ 4లో గ్రిల్ చిన్నదైంది, దాని గళ్లు పెద్దవయ్యాయి, పార్కింగ్ లైటూ ఇండికేటరూ విడివిడిగా చదరంగా వచ్చాయి. అప్పట్లో మార్క్ 2 ఉన్నవాళ్లు బండి కొత్తగా కనబడాలని ఆ మూతి పెట్టించుకున్నారు. పైకి చూస్తే మార్క్ 4లాగే ఉంటుంది. చిన్న అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి, లైట్ల చుట్టూ రేకు మీద మెల్లగా జరపండి. గట్టి రేకు మీద చెయ్యి లాగుతుంది, పుట్టీ మందంగా ఉన్నచోట ఆ లాగుడు సడలిపోతుంది. అప్పుడు చక్రం పక్కనుంచి టార్చి వేసి మడ్‌గార్డు లోపలివైపు చూడండి. పైన ఎంత నున్నగా టింకరింగ్ చేసినా లోపల ఎవరూ నునుపు చేయరు. పాత లైటు రంధ్రం మీద అతికించిన రేకు ముక్క, దాని చుట్టూ వెల్డింగ్ బొడిపెలు అలాగే ఉంటాయి. ఆ ఫోటో వంద వాదనల పెట్టు.

ప్రతి గడికీ అది ఎలా తెలిసిందో రంగుతో చెప్పండి. చూసింది ఆకుపచ్చ, చదివింది నీలం, విన్నది పసుపు. ‘చూసింది’ అనాలంటే మార్పులు జరగని బండి మీద చూసి ఉండాలి, అదీ ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరి బండ్ల మీద. ‘చదివింది’ అంటే ఓనర్ మాన్యువల్, వర్క్‌షాప్ మాన్యువల్, కంపెనీ పార్టుల కేటలాగు, ఆ కాలపు పత్రిక ప్రకటన. వీటిలో పార్టుల కేటలాగునే నేను ఎక్కువ నమ్ముతాను. ప్రకటన అమ్మడానికి వేసింది, కేటలాగు బిగించడానికి వేసింది. తెలియని గడి ఖాళీగా ఉండనివ్వండి. ఖాళీ చూస్తే ఎవరో ఒకరు వెతుకుతారు. ఊహతో నింపితే ఇక ఎవరూ వెతకరు.

పెద్ద మెకానిక్‌ల దగ్గరికి వెళ్లినప్పుడు “మార్క్ 2కి ఇలాగే ఉండేదా బాబాయ్?” అని అడగకండి. మీ మొహం చూసి, కాదనలేక అవునంటారు. వస్తువు చేతిలో పెట్టి “ఇది దేనికొస్తుంది?” అనండి. చెప్పాక “ఇంకా దేనికి సరిపోతుంది?” అనండి. ఈ రెండో ప్రశ్నకి వచ్చే జవాబులు ఏ పుస్తకంలోనూ దొరకవు. వాటికి విడిగా ఒక గడి ఉంచండి. బండి బాగుచేయించుకునేవాళ్లకి పట్టిక మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది అదే.

బండ్లన్నీ ఒకచోట చేర్చే రోజు ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి. ఎండెక్కితే క్రోమ్ మెరుపుకి ఫోటోలు పాడవుతాయి. అన్నిటినీ ఒకే వైపు తిప్పి నిలబెట్టి, ఫోను బంపరు ఎత్తులో పట్టుకుని, ఒకే దూరం నుంచి తీయండి. పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరాని ఫోటో ఎంత అందంగా ఉన్నా పట్టికకి వద్దు. నంబరు ప్లేట్లు కప్పేయండి. ఛాసిస్, ఇంజను నంబర్లు నలుగురూ చూసే షీట్‌లో పెట్టకండి. మొదటి నాలుగైదు అక్షరాలు చాలు, మిగతావి యజమాని దగ్గరే ఉండాలి.

షీట్‌లో అందరికీ కామెంట్ రాసే వీలుండాలి, మార్చే వీలు ఇద్దరికే ఉండాలి. ఏకాభిప్రాయం కుదరకపోతే రెండు మాటలూ వాటి ఆధారాలతో ఉంచండి. ఓట్లు పెట్టొద్దు.

అంబాసిడర్ కుదురుకున్నాక ఫియట్‌కి వెళ్లండి. అక్కడ పేర్లతో వరసలు వేస్తే చిక్కుపడతారు. 1964లో 1100 డిలైట్‌గా వచ్చిన బాడీయే తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. అంతకుముందు 1950ల నాటి ఫియట్ 1100 ‘మిల్లెచెంతో’ ముందు తలుపులకు మాత్రం కీళ్లు వెనకవైపు ఉంటాయి, అది వేరే వరస. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సులువు. తలుపులు రెండా నాలుగా అని లెక్కపెట్టడంతోనే సగం పని అయిపోతుంది.

ఏడాదికోసారి పట్టికను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, మూలన తేదీ వేసి, లామినేట్ చేయించకుండా మెకానిక్ షెడ్డులో తగిలించండి. పక్కన దారంతో ఒక పెన్ను కట్టండి. కొత్తది తగిలించేటప్పుడు పాతదాని మీద వాళ్లు రాసినవన్నీ ఫోటో తీసుకుని, పసుపు రంగులో షీట్‌లోకి ఎక్కించండి.