గ్రాఫిక్స్ కార్డు ఎంపిక, 4వ పాఠం: 128 బిట్ల దగ్గర జరిగిన పొరపాటు

గత పాఠంలో నేను “128 బిట్ల మెమరీ బస్ కంటే 192 బిట్లది మేలు” అని రాసి (మెమరీ బస్ అంటే గ్రాఫిక్స్ చిప్‌కూ కార్డు మీది మెమరీకీ మధ్య సమాచారం నడిచే దారి), అక్కడితో ఆపేశాను. ఆ మాటను నమ్మి మిర్యాలగూడ విద్యార్థి ఒకరు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కార్డును 128 బిట్లదే కదా అని పక్కన పెట్టి, పాత ఆర్‌టీఎక్స్ 3060 తెచ్చుకున్నారు. వనపర్తి నుంచి ఇంకొకరు, బస్ వెడల్పు సమానమైన రెండు కార్డుల్లో ధర తక్కువది కొన్నానని, ఆట మధ్యలో తెర ఆగి ఆగి కదులుతోందని రాశారు. మొదటి పొరపాటు పూర్తిగా నాది. అందువల్ల ఈ వారం చెప్పవలసిన పవర్ సప్లై పాఠాన్ని వచ్చే వారానికి జరిపాను.

బస్ వెడల్పు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. దానిని మెమరీ వేగంతో గుణించి 8తో భాగిస్తేనే, సెకనుకు ఎన్ని జీబీల సమాచారం కదులుతుందో తెలుస్తుంది (దీనినే బ్యాండ్‌విడ్త్ అంటారు; 8 బిట్లు ఒక బైట్ కాబట్టే 8తో భాగహారం). ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డులో బస్ 192 బిట్లు, మెమరీ వేగం సెకనుకు 15 గిగాబిట్లు. లెక్క వేస్తే సెకనుకు 360 జీబీలు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో బస్ 128 బిట్లే అయినా, జీడీడీఆర్7 మెమరీ 28 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది కాబట్టి 448 జీబీలు వస్తాయి. మిర్యాలగూడ విద్యార్థి వదులుకున్నది ఈ రెండవ కార్డునే.

ఈ లెక్క కూడా చివరి మాట కాదు. ఆర్‌టీఎక్స్ 4060కి వచ్చేది 272 జీబీలే, అయినా చాలా ఆటల్లో అది 3060ను దాటిపోతుంది. కొత్త తరం కోర్లు ఒక కారణం కాగా, చిప్‌లోనే ఉన్న చిన్న మెమరీ, అంటే ఎల్2 క్యాష్, మరొక కారణం: 3060లో అది 3 ఎంబీలు, 4060లో 24 ఎంబీలు. తరచుగా కావలసిన సమాచారం చిప్‌లోనే దొరికితే మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. కాబట్టి బ్యాండ్‌విడ్త్ లెక్కను ఒకే తరానికి చెందిన, ఒకే కంపెనీ కార్డుల మధ్యనే నేరుగా పోల్చండి.

ఇక వనపర్తి పాఠకుని సమస్య. దీనిని వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే అమ్మేవారు ఎవరూ ఈ సంగతి చెప్పగా నేను వినలేదు. ఆయన కార్డు ఆర్‌టీఎక్స్ 4060, ప్రాసెసర్ ఇంటెల్ 10వ తరం ఐ5 10400ఎఫ్. సగటున సెకనుకు 70 ఫ్రేములు వస్తున్నా, పాత్ర మలుపు తిరిగిన ప్రతిసారీ తెర క్షణం పాటు ఆగుతోంది. ఆటకు 8 జీబీల కంటే ఎక్కువ వీడియో మెమరీ కావలసి వచ్చినప్పుడు, మిగిలిన సమాచారం కంప్యూటర్ ర్యామ్‌లో ఉంటుంది. మిల్లు గోదాము నిండిపోయి ధాన్యం లారీలు బయట రోడ్డు మీద వరుస కట్టినట్టే ఇదీ. లోపలికి వచ్చే దారి ఎంత వెడల్పు అన్నదే అప్పుడు తేల్చవలసిన విషయం.

కార్డును మిగతా కంప్యూటర్‌తో కలిపే ఆ దారి పేరు పీసీఐఈ, అందులోని వరుసలే లేన్లు. 4060 కార్డు స్లాటుకు 16 లేన్లు ఉన్నా 8 లేన్లనే వాడుకుంటుంది. పీసీఐఈ 4.0 బోర్డు మీద ఆ 8 లేన్లలో సెకనుకు సుమారు 16 జీబీలు పోతాయి, పీసీఐఈ 3.0 మీద సుమారు 8 జీబీలే. ఇంటెల్ 10వ తరం వరకు ప్రాసెసర్లన్నీ 3.0 దగ్గరే ఆగిపోయాయి. ఏఎండీ వైపు బీ450 బోర్డులూ అంతే. ఇందులో మరీ మోసపుచ్చేది ఏమిటంటే, 4.0 ఉన్న బీ550 బోర్డు కొన్నా, దాని మీద రైజెన్ 5 5500 గానీ 5600జీ గానీ పెడితే కార్డుకు 3.0 మాత్రమే దక్కుతుంది, ఎందుకంటే ఆ ప్రాసెసర్లకే 4.0 లేదు. మహబూబ్‌నగర్‌లో సరిగ్గా ఈ జతతో అమ్మిన కంప్యూటర్ ఒకటి నా దగ్గరకు వచ్చింది. కొన్నవారు చదువుకునే పిల్లవాడు, పెట్టినది తండ్రి పత్తి అమ్మిన డబ్బు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఈ పాఠం ఇంత పొడవుగా రాయడానికి ఒక కారణం.

పాత బోర్డు ఉన్నవారికి నేను చెప్పేది ఒక్కటే: లేన్లు 16 ఉన్న కార్డు, లేదా మెమరీ పొంగిపోని కార్డు తీసుకోండి. 2025 జూన్‌లో వచ్చిన ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీలో రెండు గుణాలూ ఉన్నాయి, కాబట్టి నా మొదటి ఎంపిక అదే. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పని కూడా చేసుకునేవారు 5060 టీఐ 16 జీబీ తీసుకోవచ్చు. దానివి 8 లేన్లే అయినా 16 జీబీలు నిండడం అరుదు. ఇంటెల్ ఆర్క్ బీ580 మంచి కార్డే కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చేరుకోనిచ్చే సదుపాయం) లేని పాత బోర్డులో పెట్టకండి.

పెట్టె మీద పేరు ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. 5060 టీఐ, 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీల్లోనూ 16 జీబీల్లోనూ దొరుకుతాయి. 3060 పేరుతో 2022 చివర్లో వచ్చిన 8 జీబీ కార్డులో బస్ కూడా 128 బిట్లకు కుదించారు. బిల్లులో మెమరీ ఎంతో రాయించుకున్న తర్వాతే డబ్బు ఇవ్వండి.

ఇప్పటికే 8 జీబీ కార్డు కొన్నవారు దిగులు పడనవసరం లేదు. ఆటలో టెక్స్‌చర్ల (వస్తువుల పైపొర బొమ్మల) నాణ్యతను ఒక మెట్టు తగ్గిస్తే, 1080పీ తెర మీద తేడా పెద్దగా కనిపించదు, ఆగడం మాత్రం చాలావరకు తగ్గుతుంది. వనపర్తి పాఠకునికి ఇదే పని చేసింది.

అభ్యాసం. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి, బస్ ఇంటర్‌ఫేస్ పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి, అక్కడి రెండర్ పరీక్ష (కార్డుకు పని పెట్టే పరీక్ష) నడుస్తుండగా మీ లేన్లు, పీసీఐఈ తరం రాసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు విద్యుత్తు ఆదా కోసం తరాన్ని తగ్గించి చూపిస్తుంది, ఆ అంకెను నమ్మకండి. తర్వాత మీరు ఎక్కువగా ఆడే ఆటను మూడు సాయంత్రాలు, ప్రతిసారీ గంట చొప్పున ఆడి, ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ చూపించే వీడియో మెమరీ వాడకం, సగటు ఫ్రేములు, 1 శాతం కనిష్ఠ ఫ్రేములు (అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) నోట్‌బుక్‌లో రాయండి. మొదటి రోజు టెక్స్‌చర్లు అత్యధికంగా, రెండవ రోజు ఒక మెట్టు కింద, మూడవ రోజు రెండు మెట్లు కింద ఉండాలి. చివరగా బీ580కీ 9060 ఎక్స్‌టీకీ బ్యాండ్‌విడ్త్ లెక్క మీరే కట్టండి (కంపెనీలు వేరు కాబట్టి ఇది లెక్క అలవాటుకే, పోల్చడానికి కాదు): మొదటిది 192 బిట్లు, 19 గిగాబిట్లు, రెండవది 128 బిట్లు, 20 గిగాబిట్లు. మొదటిదానికి 456, రెండవదానికి 320 రాకపోతే భాగహారం మళ్లీ చూసుకోండి. ఈ నోట్‌బుక్ దగ్గర పెట్టుకొనే పవర్ సప్లై పాఠం చదవండి, అక్కడ మొదటి లెక్క దీని నుంచే మొదలవుతుంది.