శంకువు నీడతో, తాడుతో దిక్కులు సాధించే పద్ధతి

యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బ సూత్రాల కాలంలో యజ్ఞవేదికకు దిక్కులు నిర్ణయించిన విధానాన్ని విజయవాడలో డాబా మీదనో, కృష్ణ ఒడ్డున చదునైన చోటనో ఎవరైనా ఒక్క పగటిలో చేసి చూడవచ్చు.

ముందు నీళ్లు పోసి నేల మట్టం చూసుకుని, మూరెడు కర్రను శంకువుగా నిటారుగా నిలిపి, దారానికి రాయి కట్టి వేలాడదీసి అది ఏ వైపుకూ ఒరగలేదని నిర్ధారించుకోవాలి. కర్ర ఎత్తుకు సమానమైన తాడుతో, కర్ర మొదలే కేంద్రంగా వృత్తం గీయాలి. ఉదయం పొడవుగా ఉన్న నీడ తగ్గుతూ వచ్చి దాని కొన వృత్తాన్ని తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం దాటాక మళ్లీ పెరిగి తాకిన చోట మరో మేకు గుర్తుగా పెడితే, ఆ రెండింటినీ కలిపే గీతే తూర్పు పడమరల రేఖ. డిసెంబరు చివర్లో ఇక్కడ ఈ రెండింటి మధ్య మూడు గంటలైనా ఉండదు కాబట్టి, ఉదయం పది దాటగానే కనిపెట్టుకుని ఉండాలి. నీడ అంచు మసకగా పడుతుంది గనుక కర్ర కొనను సన్నగా చెక్కడం మేలు.

తరువాత మేకుల మధ్య దూరానికి రెట్టింపు తాడు తీసుకుని, కొసలను మేకులకు తగిలించి, సరిగ్గా నడిమిని పట్టి ఉత్తరానికి ఒకసారి, దక్షిణానికి ఒకసారి బిగువుగా లాగి గుర్తులు పెడితే ఉత్తర దక్షిణ రేఖ వస్తుంది.

వేదిక మూలలు లంబకోణంగా రావడానికి 3, 4, 5 భాగాలుగా గుర్తులు పెట్టిన తాడును త్రిభుజంగా లాగితే చాలు; 3, 4 భాగాలు కలిసే చోటే మూల. శుల్బ సూత్రకారుల్లో ఒకడైన బౌధాయనుడు మూలను ఆనుకునే భుజాలుగా 5–12, 8–15, 7–24 జతలను కూడా చెప్పాడు. గుంటూరులో తాపీ మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల చూసుకునే లెక్క కూడా ఇదే. సాగే నైలాన్ తాడు మాత్రం వాడకూడదు.