యాక్సెస్ ఫారంలో తేమ శాతం పెట్టె: ఏ పని ఏ ఈవెంట్‌లో రాయాలి

మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం లారీ దిగేటప్పుడు కొట్టే ఎంట్రీ ఫారం తీసుకుందాం. ఆపరేటర్ కొట్టేవి రైతు పేరు, తూకం, తేమ శాతం, అంతే. డేటాబేస్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇలాంటి ఫారాలు చాలావరకు ఒకే కారణంతో సతాయిస్తాయి: ఆపరేటర్ టైపింగ్ పూర్తికాకముందే కోడ్ తీర్పు చెప్పేస్తుంది.

ఈవెంట్ అంటే ఫారంలో ఏదైనా జరిగినప్పుడు మన కోడ్ నడిచే సందర్భం. పెట్టెలో అక్షరం మారిన ప్రతిసారీ వచ్చేది ఛేంజ్ ఈవెంట్. తేమ పెట్టెలో 17.5 కొడితే అది నాలుగుసార్లు నడుస్తుంది: 1, 17, 17., 17.5. "10 కన్నా తక్కువుంటే తప్పు" అన్న చెక్ అక్కడ పెడితే మొదటి అంకెకే మెసేజ్ లేస్తుంది. పైగా అప్పటికి పెట్టె వాల్యూ ప్రాపర్టీలో ఉండేది పాత అంకె. తెరమీద కనబడేది టెక్స్ట్ ప్రాపర్టీలో ఉంటుంది. ఫోకస్ ఆ పెట్టెలో లేనప్పుడు దాన్ని చదివితే 2185 ఎర్రర్.

చెక్ రాయాల్సింది, కొట్టిన విలువ ఖాయమయ్యే ముందు నడిచే బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్‌లో. తప్పుంటే క్యాన్సిల్‌ను ట్రూ చేయండి, కర్సర్ అక్కడే ఆగుతుంది. విలువను అక్కడే దిద్దబోతే 2115 ఎర్రర్ వస్తుంది కాబట్టి దిద్దుబాటు, తేమకు తూకంలో తీసే కోత లెక్క, విలువ ఖాయమయ్యాక నడిచే ఆఫ్టర్ అప్‌డేట్‌కు వదలండి. తేమ 17 శాతం దాటిందని మాత్రం ఎంట్రీని ఆపొద్దు, హెచ్చరిస్తే చాలు. వాన పడ్డాక తడి ధాన్యం రాక మానదు కదా!

కోత పోను మిగిలే నికర తూకాన్ని కోడ్‌తో నింపితే ఆ పెట్టె అప్‌డేట్ ఈవెంట్లు నడవవు. లెక్కను విడిగా ప్రొసీజర్‌లో (పేరు పెట్టి పిలుచుకునే కోడ్ ముక్కలో) రాసుకుని, కావలసిన ప్రతిచోటా పిలవాలి.

అంకెలే పడాలంటే కీ నొక్కినప్పుడు నడిచే కీ ప్రెస్‌లో అంకెల కోడ్‌లు 48 నుంచి 57 వరకు, చుక్కకు 46 ఉంచి, మిగతా వాటికి కీ ఆస్కీని (నొక్కిన కీ కోడ్‌ను) 0 చేయండి. 32 కన్నా చిన్న కోడ్‌ల జోలికి పోవద్దు, బ్యాక్‌స్పేస్ (8) అందులోదే. వాట్సాప్ నుంచి తెచ్చి పేస్ట్ చేస్తే ఈ కాపలా పనిచేయదు. బిఫోర్ అప్‌డేట్ చెక్ ఎలాగూ ఉండాల్సిందే.

ఛేంజ్ నిజంగా పనికొచ్చేది రైతు పేరు వెతకడానికి. అక్షరం అక్షరానికీ రీక్వెరీ చేస్తే (డేటాను మళ్లీ తెప్పిస్తే) నెట్‌వర్క్ మీద ఫారం మొరాయిస్తుంది. ఛేంజ్‌లో టెక్స్ట్‌ను మాడ్యూల్ స్థాయి వేరియబుల్‌లో (ఫారం కోడ్ అంతటికీ అందే చోట) దాచి, ఫారం టైమర్ ఇంటర్వెల్‌ను 300 మిల్లీసెకన్లు చేయండి. టైమర్ ఈవెంట్‌లో ముందు ఆ ఇంటర్వెల్‌ను 0 చేసి టైమర్‌ను ఆపి, తర్వాత లిస్టును వడకట్టండి. వేరియబుల్ ఎందుకంటే, టైమర్ మోగేసరికి ఆపరేటర్ వేరే పెట్టెలోకి పోయి ఉండొచ్చు.

ఇక అసలు ముట్టుకోని పెట్టెకు బిఫోర్ అప్‌డేట్ రాదు. తేమ నింపకుండానే రికార్డు సేవ్ అయిపోతుంది. ఖాళీ ఉందా అన్న చెక్ ఫారం సొంత బిఫోర్ అప్‌డేట్‌లో ఖాళీని పట్టే ఇజ్‌నల్ ఫంక్షన్‌తో పెట్టి, క్యాన్సిల్ చేసి, ఫోకస్‌ను తేమ పెట్టెకు పంపండి.