భూకంపం తర్వాత అణు ప్లాంట్ వార్త వస్తే ఆ మొదటి రోజుల్లో ఏం చేయాలి

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చేసరికి మనకు పొద్దున పదకొండుంబావు. మా పిన్ని కొడుకు అప్పుడు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. సాయంత్రానికి వాడి మెయిల్ వచ్చింది, క్షేమమేనని తెలిసి ఊపిరి పీల్చుకున్నాం. కానీ అసలు టెన్షన్ మర్నాడు మొదలైంది, ఫుకుషిమా దైచీ ప్లాంట్‌లో ఒకటో యూనిట్ భవనం పేలిపోవడం టీవీలో చూశాక. పిన్ని రోజుకు పదిసార్లు ఫోన్ చేసి "వచ్చెయ్ నాన్నా" అని ఏడుపు. ఆ వారం మేం చేసిన పొరపాట్లు, అక్కడి జనానికి జరిగినవి చూసి నేర్చుకున్నవి, రెండూ కలిపి రాస్తున్నాను.

ముందు వార్తను ఎలా చదవాలో చెప్తాను. "రియాక్టర్ ఆగిపోయింది" అంటే ప్రమాదం తప్పిందని కాదు. ఫుకుషిమాలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ భూకంపం రాగానే వాటంతటవే ఆగాయి, కానీ ఆగిన తర్వాత కూడా ఇంధనం రోజుల తరబడి వేడి పుట్టిస్తూనే ఉంటుంది, దాన్ని నీళ్లతో చల్లార్చడానికి కరెంటు కావాలి. భూకంపానికి బయటి కరెంటు పోయింది, ముప్పావు గంటకు పైగా గడిచాక వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. కాబట్టి ఇలాంటి వార్త వచ్చినప్పుడు వెతకాల్సిన మాట "ఆగిందా" కాదు, "కరెంటు ఉందా, నీళ్లు వెళ్తున్నాయా" అన్నది. అలాగే "పేలుడు" అనగానే అణుబాంబు అనుకోకండి. అక్కడ పేలింది భవనం పైభాగంలో పోగైన హైడ్రోజన్. దాని ప్రమాదం దానికి ఉంది, కానీ రెండూ ఒకటి కాదు.

తర్వాత ప్లాంట్‌కు మీరెంత దూరమో, గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. దగ్గరలో ఉంటే ఖాళీ చేయమన్నప్పుడు మారుమాట్లాడకుండా వెళ్లాలి. అక్కడ మొదటి రాత్రి మూడు కిలోమీటర్లు అన్నారు, తెల్లారేసరికి పది, ఆ సాయంత్రానికి ఇరవై. ప్లాంట్ దగ్గరి నమియే ఊరివాళ్లు చాలామంది వాయవ్యంగా ఉన్న త్సుషిమాకు వెళ్లి తలదాచుకున్నారు, రేడియేషన్ మేఘం సరిగ్గా అటే పోయింది. గాలి ఎటు మోసుకెళ్తుందో అంచనా వేసే స్పీడీ అనే వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది, కానీ దాని అంచనాలు మార్చి 23 దాకా బయటపెట్టలేదు! ఇది తలచుకుంటే నాకిప్పటికీ బాధే. జనం భయపడ్డారంటే తెలివి లేక కాదు, తెలియాల్సింది వాళ్లకు చెప్పకపోవడం వల్ల. అందుకే చుట్టూ గీసిన వృత్తం ఒక్కటే చూసుకుని ఊరుకోకండి, గాలి దిక్కు కూడా అడగండి, గట్టిగా అడగండి.

వెళ్లేటప్పుడు పెద్దవాళ్ల మందులు, చీటీలతో సహా, ముందు సర్దండి. ప్లాంట్ దగ్గరి ఫుటాబా ఆసుపత్రి నుంచి మంచాన ఉన్న రోగులను సరైన ఏర్పాట్లు లేకుండా గంటల తరబడి బస్సుల్లో తిప్పడంతో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లు పోయింది రేడియేషన్‌తో కాదు, చలికి, నీళ్లూ వైద్యమూ అందక. మంచాన పడ్డ అమ్మమ్మ ఉన్న ఇల్లయితే ఆమెకు అంబులెన్సు, చేరబోయే చోట మంచం ఉన్నాయో లేదో కనుక్కోండి, అప్పటిదాకా తలుపులేసిన ఇల్లే మేలా అని డాక్టర్నీ అధికారులనూ అడగండి.

లోపలే ఉండమంటే కిటికీలు మూసి, బయటి గాలి లాగే ఏసీ, ఫ్యాన్లు ఆపండి. బయటినుంచి వచ్చినవాళ్లు పై బట్టలు గుమ్మం దగ్గరే విప్పి కవర్లో కట్టేసి, సబ్బుతో స్నానం చేయాలి, గట్టిగా రుద్దకూడదు, జుట్టుకు కండిషనర్ వద్దు.

అయోడిన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని ముందే మామూలు అయోడిన్‌తో నింపి, రేడియోధార్మిక అయోడిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అంతవరకే. సీసియం లాంటి ఇతర రేడియోధార్మిక పదార్థాల నుంచి కాపాడదు, మిగతా ఒంటిని కాపాడదు, అధికారులు చెప్పిన సమయానికే వేసుకోవాలి. చైనాలో ఆ వారం జనం అయోడిన్ ఉప్పు కోసం కొట్ల ముందు ఎగబడ్డారు. లెక్క చూడండి: పెద్దవాళ్ల మాత్ర ఒకటి 130 మిల్లీగ్రాములు, అందులో అయోడిన్ సుమారు 100. కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉందనుకున్నా మూడు కిలోలకు పైగా తినాలి. బీటాడిన్ మెడకు రాసుకోమని బీబీసీ పేరుతో ఒక దొంగ మెసేజ్ ఆసియా అంతా తిరిగింది, ఫిలిప్పీన్స్‌లో కొన్నిచోట్ల క్లాసులు కూడా ఆపేశారు. బీటాడిన్ పైపూతకే, థైరాయిడ్‌ను కాపాడదు. తాగితే ప్రమాదం.

రేడియేషన్ అంకెలు సీవర్ట్‌లలో (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) వచ్చినప్పుడు మైక్రోనా, మిల్లీనా చూడండి, గంటకా, మొత్తమా చూడండి, ఎక్కడ కొలిచారో చూడండి. మార్చి 15న ప్లాంట్ ఆవరణలో ఒకచోట గంటకు 400 మిల్లీసీవర్ట్‌లు నమోదైంది, అదే రోజు టోక్యోలో అత్యధికంగా గంటకు ఒక్క మైక్రోసీవర్ట్ కూడా దాటలేదు. మిల్లీ అంటే వెయ్యి మైక్రోలు, అంటే తేడా నాలుగు లక్షల రెట్లకు పైనే. మేమేమో మొదటి అంకె విని టోక్యో అంతా అలాగే ఉందనుకున్నాం.

నీళ్ల విషయంలో మనకు కాచి చల్లార్చే అలవాటుంది కదా, ఇక్కడ అది పనిచేయదు, రేడియోధార్మిక అయోడిన్ కాస్తే పోదు. టోక్యోలో మార్చి 23న ఒక శుద్ధి కేంద్రం నీళ్లలో రేడియోధార్మిక అయోడిన్ కిలోకు 210 బెకరెల్స్ (రేడియోధార్మికత కొలత) వచ్చింది. అప్పట్లో పసిపిల్లలకు హద్దు 100, పెద్దలకు 300. అందుకే చంటిపిల్లల ఇళ్లకు సీసా నీళ్లు పంచారు, మర్నాటికి 79కి తగ్గింది. అలాంటప్పుడు పెద్దవాళ్లు సీసాలు ఎగబడి కొనకుండా చంటిపిల్లల తల్లులకు వదిలేయాలి.

మన దగ్గర కూడా అడగాల్సినవి ఉన్నాయి. 2004 డిసెంబరు సునామీ నీళ్లు తమిళనాడులోని కల్పాక్కం అణు ప్లాంట్ పంపుహౌస్‌లోకి వచ్చాయి, రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు. మన దేశంలో ప్లాంట్ చుట్టూ 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక ఉండాలి. ఆ పరిధిలో ఉంటే బస్సు ఎక్కడ ఎక్కాలో, మాత్రలు ఎవరిస్తారో పంచాయతీలో ఈరోజే కనుక్కోండి, మాక్ డ్రిల్ పెడితే ఇంటిల్లిపాదీ వెళ్లండి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణు ప్లాంట్ ప్రతిపాదన గురించి అక్కడివాళ్లు వేసే ప్రశ్నలు కూడా ఇవే, వాటిని భయం అని కొట్టిపారేయకండి.

దూరంగా ఉన్న బంధువులకు ఒక మాట. ఫోన్ రోజుకు ఒకే టైముకు, ఒక్కరే చేయండి. "వచ్చెయ్" అనే బదులు "మీ ఊళ్లో ఈరోజు రీడింగ్ ఎంత, నీళ్ల గురించి ఏమన్నారు" అని అడగండి, అక్కడున్నవాళ్లకూ ధైర్యంగా ఉంటుంది.

మా తమ్ముడు ఏప్రిల్‌లో సెలవు పెట్టి వచ్చినప్పుడు పక్కింటావిడ పిల్లల్ని వాడి దగ్గరికి పంపడానికి జంకింది. ఫుకుషిమా నుంచి వెళ్లిన పిల్లల్ని జపాన్ బడుల్లోనే తోటిపిల్లలు ఏడిపించారు. రేడియేషన్ జలుబులా అంటుకోదు, స్నానం చేసి బట్టలు మార్చుకున్న మనిషి పక్కన నిరభ్యంతరంగా కూర్చోవచ్చు. పిన్ని ఆవిడనే భోజనానికి పిలిచి వాడి పక్కన విస్తరి వేసింది.